హుండీలో పద్నాలుగు దారాలు

2017 జూన్‌లో నన్ను తిరుపతిలోని ఒక బోధనాసుపత్రికి, పాథాలజీ విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా బదిలీ చేశారు. విభాగంలో నా పైన ఒక ప్రొఫెసరు, నా కింద ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, ఆరుగురు పీజీ విద్యార్థులు ఉండేవారు. ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. నేను చెప్పబోయే తప్పు ఆసుపత్రిది కాదు, నాది.

మామూలుగా పాథాలజిస్టు రోగిని చూడడు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను చూస్తాడు. ఒక్క సూది పరీక్ష గదిలో మాత్రం రోగి మా ఎదుటికే వస్తాడు. మెడలోనో చంకలోనో గడ్డ ఉన్న మనిషిని వార్డు డాక్టరు చీటీ రాసి పంపుతాడు. మేమే సన్నటి సూదిని గడ్డలోకి దింపి, ఖాళీ సిరంజితో కొన్ని కణాలను లాగి, గాజు పలకల మీద పలుచగా పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతాం. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లోనే అడగవలసినవి అడగాలి. గడ్డ ఎప్పుడు కనబడింది, పెరుగుతోందా, తగ్గుతోందా, ఏమేం మందులు తిన్నారు. చీటీలో ఇవేవీ ఉండవు. "మెడలో గడ్డ, మూడు నెలలు" అని రాసి ఉంటే అదే గొప్ప.

ఆ గదిలో నా బల్ల మీద ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉండేది. రోగుల మెడల్లో, చేతులకు ఉన్న మంత్రించిన తాళ్ళు, రాగిరేకుల తాయెత్తులు, పసుపు గుడ్డలో మూటగట్టిన వేర్లు, అన్నీ కత్తిరించి అందులో వేయించేదాన్ని. సూది గుచ్చే చోటు శుభ్రంగా ఉండాలన్నది పైకి చెప్పే కారణం. అసలు కారణం వేరు. నేను మా నాయన దగ్గర వాదన నేర్చుకున్నదాన్ని. రాహుకేతు పూజలకు దేశం నలుమూలల నుంచీ జనం వచ్చే శ్రీకాళహస్తిలో ఆయన హైస్కూలు హెడ్మాస్టరు. సరిగ్గా గ్రహణం పట్టిన వేళకు వీధి అరుగు మీద మా అందరికీ విస్తళ్ళు వేయించి, దారినపోయేవాళ్ళను పిలిచి మరీ అన్నం తినిపించిన మనిషి. ఆయన పోయాక ఆ పని నా నెత్తికెత్తుకున్నాను. ఆదివారాల్లో చిత్తూరు, పలమనేరు, పీలేరు పట్టణాల్లో సభలు పెట్టి, ఆ డబ్బాను బల్ల మీద కుమ్మరించి మాట్లాడేదాన్ని. జనం నవ్వేవారు. నాకు ఆ నవ్వు కావలసి వచ్చేది.

మా ల్యాబ్ టెక్నీషియన్ చెంగల్రాయులు ఆ డబ్బాకు "మేడం హుండీ" అని పేరు పెట్టాడు. "ఈ పొద్దు హుండీకి బాగా పడిందే మేడం," అనేవాడు. ఆ పేరు నాకు నచ్చింది.

సెప్టెంబరు మొదటి వారంలో పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి మునిరత్నం అనే ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి చీటీ పట్టుకుని వచ్చాడు. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పని. మెడకు ఎడమవైపు కోడిగుడ్డంత గడ్డ, చేత్తో తాకితే రబ్బరులా ఉంది. ఒళ్ళంతా గీరుకున్న చారలు. వెంట వచ్చిన భార్య పేరు సుగుణ. చిత్తూరు బస్సులు ఆగే చోట కూర్చుని పూలు కట్టి అమ్ముతుంది. ఆమె ఎడమచేతి మణికట్టుకు పచ్చటి దారాలు, లావుగా ఒక కడియమంత, చుట్టి ఉన్నాయి. వాటి నిండా ముడులు.

"ఇవేమిటి?" అన్నాను.

"దారాలుమ్మా."

"అది కనబడుతోంది. ఎవరు కట్టారు?"

"నేనే కట్టుకున్న్యా. ఈయనకు గడ్డ లేసినప్పటి నుంచి, వారానికొకటి."

"కడితే తగ్గిందా మరి?"

ఆమె తల ఊపింది. "రెండుసార్లు తగ్గిందిమ్మా. మళ్ళా వచ్చేసింది."

నా చుట్టూ ముగ్గురు పీజీలు నిలబడి ఉన్నారు. ఎదుట శ్రోతలుంటే నా నాలుక ఆగదు. "దారం కడితే గడ్డ కరిగేటట్టయితే ఈ ఆసుపత్రికి తాళమేసి మనమంతా నీ పక్కన పూల బుట్టలు పెట్టుకుని కూర్చుందాంలే," అన్నాను. పీజీలు నవ్వారు. సుగుణ ఏదో చెప్పబోయింది. నేను కత్తెర అందుకోమని చెంగల్రాయులుకు సైగ చేశాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోయి, భర్త ముఖం చూసి, మళ్ళీ ముందుకు చాచింది. దారాలు హుండీలో పడ్డాయి.

తరువాత ముని​రత్నాన్ని అడిగాను, మందులేమైనా తింటున్నావా అని. అతను భార్య వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది. "ఏమీ లేదు మేడం," అన్నాడు. చీటీ మీద "మందులు: లేవు" అని రాశాను.

సూదిలో వచ్చిన సరుకు తక్కువ. మైక్రోస్కోపు కింద అక్కడక్కడా గ్రాన్యులోమాలు కనిపించాయి. శరీరం దేన్నో తరిమేయలేక చుట్టూ కంచె కట్టినప్పుడు, రక్షణ కణాలు ఒకదానికొకటి అతుక్కుని చేసే చిన్న గుంపులవి. మన దేశంలో మెడ గడ్డలో గ్రాన్యులోమా కనబడితే మొదట తట్టేది క్షయ. సూక్ష్మజీవుల కోసం వేసిన రంగులో ఏమీ దొరకలేదు. మెడ గడ్డల్లో అవి చాలాసార్లు దొరకవు కూడా. ఆ సూక్ష్మజీవి జన్యువును వెతికే పరీక్షకు పంపిన నమూనా చాలలేదని తిరిగొచ్చింది. అప్పుడు నేను చేయవలసింది ఇంకొకసారి సూది వేయడం, లేదా గడ్డ మొత్తాన్ని కోసి పంపమని సర్జరీవారికి రాయడం. ఆ రెండూ చేయలేదు. "గ్రాన్యులోమా ఉన్న గ్రంథివాపు, క్షయకు అనుకూలం" అని రాసి సంతకం పెట్టాను. "అనుకూలం" అన్నది మా వృత్తిలో చాలా వాడే మాట. తప్పయితే మాకు కాస్త నీడనిస్తుంది. రోగికి ఇవ్వదు.

మునిరత్నానికి క్షయ మందులు మొదలుపెట్టారు. ఆరు నెలల కోర్సు. రెండో నెల చివర్లో చూసినప్పుడు గడ్డ సగానికి తగ్గిందని వైద్యుడు కార్డు మీద రాశాడు. నా రిపోర్టు నిజమైనట్టే కదా. ఆ కార్డు తరువాత నా చేతికి వచ్చింది. ఇప్పటికీ ఆ "తగ్గింది" అన్న మాట నాకు కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది.

ఫిబ్రవరిలో సుగుణ ఒక్కతే సూది గదికి వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. చెంగల్రాయులు గుర్తుపట్టాడు. "పూలామె మేడం, పూతలపట్టు," అన్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"మీరు తీసుకున్న దారాలు ఉండాయామ్మా?" అంది.

ఎందుకని అడిగాను.

"ఆయన్ని పైన వార్డులో పెట్టినారు. మొగమంతా ఉబ్బిపోయింది. పడుకుంటే ఊపిరాడేల్దు. ఈడ డాక్టరు అడగతాండాడు, ఎప్పుడు పెరిగింది, ఎంత పెరిగింది, ఎప్పుడు తగ్గింది అని. నోటికి సెప్తే తప్పు పోతుందిమ్మా. ఆ దారాలుంటే సరిగ్గా సెప్తాను."

"దారాలు చూసి ఎలా చెబుతావు?"

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపమేమీ లేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "అవి తాయెత్తులు గాదుమ్మా. కొలతలు."

హుండీని బల్ల మీద కుమ్మరించాం. తాయెత్తుల మధ్య నుంచి ఆమె తన దారాలను ఒక్కొక్కటిగా ఏరుకుంది. పూల దారం. చామంతి పూల రసం పట్టి పచ్చగా మారిన దారం. నేను పసుపు అనుకున్నది అదే. ప్రతి బుధవారం, బేరం తక్కువ ఉండే రోజు, భర్త మెడ చుట్టూ గడ్డ మీదుగా దారం పట్టి, రెండు కొసలు కలిసిన చోట తెంపింది. ఎన్నో వారమో తెలియడానికి మూరలు లెక్కపెట్టుకునే పద్ధతిలోనే ముడులు వేసింది. ఐదుకొక పెద్ద ముడి, ఒకటికొక చిన్న ముడి. ఇంట్లో పెడితే ఎలుకలు లాక్కుపోతాయని చేతికి చుట్టుకుంది. కత్తెర పడ్డ చోట్ల ముక్కలను ఆమె కొసకు కొస జతచేసి పెట్టింది. పద్నాలుగు దారాలు, కాగితం మీద వరుసగా.

కొన్నిటికి ఒక పోగు, కొన్నిటికి రెండు పోగులు ఉన్నాయి. అదేమిటని అడిగాను. ఆమె దారాల కొసలు సర్దింది. నేను మళ్ళీ అడిగాను, ఈసారి గొంతు తగ్గించి.

"రెండు పోగులుండేవి మందు తిన్న్యా వారాలు," అంది. "మా పక్కూర్లో నాటువైద్యం చేసే ఆయన చూర్ణమిచ్చినాడు. అది పని చేస్తాందా లేదా అని నాకు అనుమానం. తిన్నప్పుడొకటి, తిననప్పుడొకటి, కొలిసి పెట్టుకుంటే తెలుస్తుంది గదా."

స్కేలు తీసుకుని కొలిచాను. మొదటి మూడు దారాలు ఒకదాన్ని మించి ఒకటి పొడుగు. రెండు పోగుల దారాలు రెండు, చటుక్కున పొట్టివి. మళ్ళీ మూడు ఒంటి పోగులవి, పెరుగుతూ. మళ్ళీ రెండు జంట పోగులవి, పొట్టివే కాని మొదటిసారంత కాదు. మళ్ళీ మూడు పొడుగు. చివరిది జంట పోగు. అంటే సూది పరీక్షకు వచ్చిన వారం అతను చూర్ణం తింటున్నాడు.

"ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు?" అని అడగబోయి మానుకున్నాను. ఆమె చెప్పింది. రెండుసార్లు తగ్గిందని, మళ్ళీ వచ్చిందని, నేను అడిగినప్పుడే చెప్పింది. నేను దాన్ని మూఢనమ్మకంగా విన్నాను.

"క్షయ మందులతో పాటు చూర్ణం కూడా తిన్నాడా?"

"అప్పుడప్పుడు తిన్న్యాడుమ్మా. రెండు మందులూ తింటే బిర్నా పోతుందని."

"మరి ఈ ఐదు నెలల దారాలు?"

"లేవు. మీరు తిట్టినాక కొలిసేది మానేసినా."

చూర్ణం పొట్లం ఒకటి ఆమె ఇంటి నుంచి తెప్పించి, ఫార్మకాలజీ విభాగంలో తెలిసినవారి చేత పరీక్ష చేయించాను. వేర్ల పొడిలో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపారని తేలింది. పాత గాజు పలకలను బీరువాలోంచి తీసి మళ్ళీ చూశాను. రెండో పలక అంచున, రంగు చిక్కగా పేరుకున్న చోట, ఒకే ఒక్క పెద్ద కణం ఉంది. రెండు కేంద్రకాలు, ఒక్కోదాని నడుమ ముదురు చుక్క. క్యాన్సర్‌ను అనుమానించవలసిన కణం. సెప్టెంబరులోనూ అది అక్కడే ఉండి ఉంటుంది. సర్జరీవారితో మాట్లాడి, అప్పటికి చంకలోనూ లేచిన గడ్డను మొత్తంగా కోయించాను. హాడ్జ్‌కిన్ లింఫోమా. అంటే లింఫ్ గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్లలో ఒక రకం. అప్పటికే రొమ్ము ఎముక వెనక పెద్ద ముద్దగా పెరిగి, ముఖం నుంచి గుండెకు వచ్చే రక్తనాళాన్ని నొక్కుతోంది.

ఈ జబ్బు ఎలా దాక్కుంటుందో చెప్పకపోతే నా తప్పు పాఠకులకు సరిగా అర్థం కాదు. మన ఒంట్లో ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రొటీన్లను చిన్న ముక్కలుగా చేసి, పైపొర మీద చిన్న తట్టలాంటి అమరికలో పెట్టి చూపించాలి. టి-కణాలనే తెల్ల రక్తకణాలు తిరుగుతూ ఆ తట్టలను తడిమి చూస్తాయి. తేడా కనబడితే ఆ కణాన్ని చంపేస్తాయి. చాలా లింఫోమాల్లో క్యాన్సర్ కణం చేసే మొదటి పని ఆ తట్టను తీసేయడం. చూపించేదే లేకపోతే పట్టుకునేదేమిటి? రెండో పని ఇంకా దారుణం. టి-కణాలకు ఒక బ్రేకు ఉంటుంది. పని ముగిశాక అవి సొంత ఒంటినే నాశనం చేయకుండా ప్రకృతి పెట్టిన బ్రేకు. క్యాన్సర్ కణం ఆ బ్రేకును నొక్కే ప్రొటీన్‌ను తన ఒంటి నిండా మొలిపించుకుంటుంది. ఎదురుగా వచ్చిన టి-కణం తాకుతుంది, ఆగిపోతుంది. చావదు, పారిపోదు. పక్కనే నిలబడి ఉంటుంది.

హాడ్జ్‌కిన్ గడ్డలో అయితే క్యాన్సర్ కణాలు నూటికి ఒకటో, కాస్త ఎక్కువో. మిగిలిన గడ్డంతా రోగి సొంత రక్షణ కణాలే. క్యాన్సర్ కణమే రసాయనాలు వదిలి వాటిని పిలుస్తుంది, వాటి మధ్య కూర్చుని వాటి అండతోనే బతుకుతుంది. ఆ గుంపులో గ్రాన్యులోమాలు కూడా కట్టవచ్చు. నేను చూసింది ఆ గుంపును. స్టెరాయిడ్ ఆ గుంపులోని తెల్ల రక్తకణాలను చాలామటుకు చంపేస్తుంది, గడ్డ కరుగుతుంది. జనం నాటువైద్యుడికి దండం పెడతారు. పిలిచినవాడు మాత్రం లోపలే ఉంటాడు, మళ్ళీ పిలుచుకుంటాడు. ఆ చూర్ణమే సెప్టెంబరులో నా సూదికి సరుకు లేకుండా చేసింది. ఆ చూర్ణమే నవంబరులో క్షయ మందులు పని చేస్తున్నాయని అందరినీ నమ్మించింది.

ఆ నాటువైద్యుడి మీద నాకు అప్పుడూ ఇప్పుడూ దయ లేదు. ఏ మాత్ర ఎందుకు వాడతారో తెలియకుండా, నూరి, వేరు వాసన పట్టించి, పేదవాళ్ళ నోట్లో పోసేవాడు నేరస్థుడు. జిల్లా ఔషధ తనిఖీ అధికారికి ఫిర్యాదు రాశాను. కొన్నాళ్ళు కొట్టు మూశాడు, తరువాత ఇంకో ఊళ్ళో తెరిచాడని విన్నాను. అయితే అతని మోసాన్ని పరీక్ష పెట్టి, వారం వారం కొలిచి, రుజువు చేతికి చుట్టుకుని మా గదికి నడిచి వచ్చిన మనిషి ఒకతె ఉంది. మందు తిన్న వారం, తినని వారం వేరు చేసి చూడాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆ రోజు ఆ గదిలో హేతువాది ఆమె. నేను కత్తెర వేయించినదాన్ని.

మునిరత్నానికి నాలుగు మందుల కీమోథెరపీ ఇచ్చారు. ఉబ్బు దిగింది, ఊపిరి అందింది. ఆ వేసవిలో ఒకసారి మా గదికి వచ్చి కూర్చున్నాడు. జుట్టంతా రాలిపోయి ఉంది. "కొండకు పోకుండానే గుండైంది సూడు మేడం, మీకు సంతోషమే గదా," అన్నాడు. అతను నవ్వాడు. నేనూ నవ్వాను, ఎలాగో. సుగుణ మళ్ళీ దారాలు మొదలుపెట్టిందని అతనే చెప్పాడు. అక్టోబరులో ఆ దారాలు పొడుగవడం మొదలైంది. స్కాన్ కంటే మూడు వారాల ముందు ఆమెకు తెలిసింది. టి-కణాల బ్రేకును విడిపించే కొత్త మందులు అప్పటికే వైద్య పత్రికల్లో ఉన్నాయి, పెద్ద నగరాల్లో కొందరికి అందుతున్నాయి. అతనికి అందలేదు. 2019 జనవరిలో పోయాడు.

ఐదు నెలలు ముందుగా పట్టుకుని ఉంటే బతికేవాడా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. నిజాయితీగా చెప్పగలిగింది ఇంతే. ఈ జబ్బు తొందరగా పట్టుకుంటే ఎక్కువమందికి నయమవుతుంది. ముద్ద పెరిగాక ఆ అవకాశం తగ్గుతుంది. అతని విషయంలో ఎంత తగ్గిందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆ లెక్కలోంచి నేను బయటపడే దారి లేదు.

మరణ ధ్రువపత్రం పనిమీద సుగుణ ఫిబ్రవరిలో వచ్చింది. పద్నాలుగు దారాలను నేను ఒక కవరులో దాచి ఉంచాను. ఇచ్చాను. ఆమె కవరు తెరిచి చూసి, మడిచి, బల్ల మీద పెట్టేసింది.

"నాకెందుకుమ్మా? కొలిసేదానికి మెడ లేదు గదా. మీ కాడనే ఉండనీండి. తీసుకున్న్యది మీరే."

ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. పత్రం తీసుకుని, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.

హుండీని ఆ వారమే ఖాళీ చేశాను. తాయెత్తుల మీద నా అభిప్రాయం రవ్వంత కూడా మారలేదు. వాటి మీద ఇప్పటికీ రాస్తున్నాను, రాస్తాను. మారింది పద్ధతి. నమ్మకాన్ని నిరూపణ అడగడం మా నాయన నేర్పాడు. అడిగాక జవాబు పూర్తయ్యేదాకా వినడం కూడా ఆ పనిలో భాగమే. నేను దాన్ని వదిలేశాను, శ్రోతలు నవ్వుతున్నారని. పచ్చటి దారం కనబడగానే అదేమిటో నాకు తెలుసనుకున్నాను. గ్రాన్యులోమా కనబడగానే అదీ తెలుసనుకున్నాను. తెలుసు అనుకున్న చోట పరీక్ష ఆగిపోతుంది. దాన్ని ఆపింది మూఢత్వమా చదువా అన్న తేడా రోగికి అక్కరకు రాదు.

రిటైరయ్యే లోపు సూది పరీక్ష చీటీలో ఒక గడి చేర్పించాను: "రోగి, వెంట వచ్చినవారు చెప్పింది, వారి మాటల్లోనే." ఆ గడి ఖాళీగా ఉంటే పీజీలను సూది ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.